పూల ఫోటోలు: ఎండ ఎప్పుడు, ఫ్లాష్ ఎప్పుడు

మీ దొడ్లో మందారం చెట్టు ఉంటే ముందు ఈ చిన్న పని చేసి చూడండి. పొద్దున్న ఏడింటప్పుడు, ఎండ ఏటవాలుగా పడే వేళ, సూర్యుడు పువ్వు వెనక ఉండేలా నిలబడి ఒక ఫోటో తీయండి. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి అదే పువ్వు దగ్గరికి వెళ్లి, ఫోన్ ఫ్లాష్ వేసి ఇంకోటి తీయండి. రెండూ పక్కపక్కన పెట్టండి. పొద్దుటి ఫోటోలో రేకల మీద సన్నటి ఈనెలు కనిపిస్తాయి, ఎరుపు రంగు రేక లోపల్నుంచి వెలుగుతున్నట్టు ఉంటుంది. సాయంత్రం ఫోటోలో రేకలన్నీ ఒకే ముద్దలా ఉండి, మధ్యలో తెల్లటి మెరుపు మచ్చతో అచ్చం ప్లాస్టిక్ దండలో పువ్వులా కనిపిస్తుంది.

ఇది చూసే చాలామంది ఫ్లాష్ పూలకి పనికిరాదని తేల్చేస్తారు. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. కడియం చుట్టుపక్కల నర్సరీలకి మొక్కల ఫోటోలు తీయడం మొదలుపెట్టాక, మబ్బు రోజుల్లోనూ, మొక్కల మీద కట్టే వల నీడలోనూ పని ఆపకుండా చేయాల్సి వచ్చాక అర్థమైంది. తప్పు ఫ్లాష్‌ది కాదు, అది ఉన్న చోటుది. లెన్సుని ఆనుకుని ఉన్న దీపం పువ్వు ముఖానికి ఎదురుగా కొడుతుంది. అలా కొడితే నీడలన్నీ పువ్వు వెనక్కి పోయి దాక్కుంటాయి. నీడ లేకపోతే రేక మడత తెలియదు, అంచు ఒంపు తెలియదు. సూర్యుణ్ణి కూడా సరిగ్గా మీ వీపు వెనక పెట్టుకుని తీస్తే పువ్వు అంతే చప్పగా వస్తుంది, కావాలంటే చూసుకోండి. అందుకే వెలుతురు ఎటు నుంచి వస్తోందన్నది ముందు చూసుకోవాలి. అది ఎండా, ఫ్లాషా అన్నది ఆ తర్వాతి మాట.

కెమెరా తీయకముందు

పువ్వు చుట్టూ ఒకసారి పూర్తిగా తిరిగి రండి. చేతిలో కెమెరా వద్దు. ఎటు నుంచి చూస్తే రేక వెలుగుతోంది, ఎటు నుంచి చూస్తే మసగ్గా ఉంది, ఎక్కడ కాడ నీడ రేక మీద పడుతోంది, ఇవన్నీ కంటితోనే తేల్చుకోవాలి.

అన్ని పూలకీ ఒకే వెలుతురు సరిపోదు. మందారం రేక మన ఆత్రేయపురం పూతరేకు లాంటిది, వెనక వెలుతురు ఉంటే అవతల పెట్టిన వేలు నీడ ఇవతలికి కనిపిస్తుంది. గుమ్మడి పువ్వు, తామర రేక, కాగితం పువ్వు కూడా అంతే. ఇలాంటివాటికి వెనక నుంచి గానీ, వెనక పక్క నుంచి గానీ వెలుతురు రావాలి. బంతి, చామంతి అలా కాదు. రేకలు ఒకదాని మీద ఒకటి ఒత్తుగా ఉంటాయి కాబట్టి వెలుతురు లోపలికి దూరదు. వాటికి పక్క నుంచి వెలుతురు పడితే ప్రతి రేక నీడా దాని కింద రేక మీద పడి, పువ్వు గుండ్రంగా, బరువుగా కనిపిస్తుంది. నందివర్ధనం, మల్లె, జాజి లాంటి తెల్ల పూలకి మాత్రం ఎర్రటి ఎండ శత్రువు. వాటిని మబ్బు పట్టినప్పుడో, గోడ నీడలోనో తీయండి.

వేళ

మన గోదావరి డెల్టాలో ఎండ డిసెంబరులో ఒకలా, మేలో ఒకలా ఉంటుంది. మనం ఉన్నది భూమధ్యరేఖకి ఉత్తరంగా దాదాపు 17 డిగ్రీల మీద. అందువల్ల మే మొదటి పది రోజుల్లో, మళ్లీ ఆగస్టు మొదట్లో, మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. ఆ ఎండలో పువ్వు పై రేకలు తెల్లబోతాయి, కింది రేకలు నల్లబోతాయి. ఎనిమిదిన్నర దాటితే బయట పూలు తీయడం నేను మానేస్తాను. డిసెంబరు చివర్లో మాత్రం మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 50 డిగ్రీల ఎత్తుకి మించి ఎక్కడు. అంటే పదకొండింటికి కూడా వెలుతురు పక్క నుంచే వస్తుంది. ఎండలో పూలు తీయడం నేర్చుకోవాలంటే చలికాలంలో మొదలుపెట్టండి.

అందులోనూ ధనుర్మాసం. ఆరున్నరకి సూర్యుడు వస్తాడు గానీ, కాలవ గట్ల మీద మంచు వెంటనే విడదు. ఆ మంచు ఆకాశమంత తెల్ల పరదా. ఎండ దానిలోంచి వడకట్టుకుని వస్తుంది కాబట్టి నీడలు మెత్తగా పడతాయి. ఆ వేళ బంతి తోటలోకి వెళ్లి, ఒక పువ్వు అంచున నిలిచిన మంచు బొట్టుని దగ్గరగా చూడండి. వెనకున్న కొబ్బరిచెట్టు ఆ బొట్టులో తలకిందులుగా కనిపిస్తుంది, మట్టలతో సహా. బొట్టు ఒక చిన్న లెన్స్ కాబట్టి అలా జరుగుతుంది. దాని మీద నేరుగా ఫ్లాష్ కొడితే చెట్టు పోయి, ఒక తెల్ల చుక్క మిగులుతుంది. నా లెక్కలో, మంచు ఉన్నంతసేపు ఫ్లాష్ సంచిలోంచి బయటికి తీయకూడదు.

కొన్ని పూలు మనకోసం ఆగవు. తామర సూర్యుడిది, కలువ చంద్రుడిది అని మన పద్యాల్లో చెప్పుకున్నదంతా ఫోటో తీసేవాడికి టైమ్ టేబుల్. తామర పొద్దున్నే విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకోవడం మొదలుపెడుతుంది. ఎర్ర కలువ, తెల్ల కలువ రాత్రి విచ్చుకుని, ఎండ ముదిరే వేళకి మూసుకుంటాయి. చెరువులో రెండూ ఉంటే తెల్లవారగానే కలువలు, తర్వాత తామరలు తీయాలి. పారిజాతం తెల్లారేసరికి రాలిపోతుంది. దాన్ని చెట్టు మీద కన్నా కింద నేల మీద పరుచుకున్నప్పుడే బాగా తీయవచ్చు, నారింజ రంగు కాడలు పైకి తిరిగి ఉంటాయి కాబట్టి. మల్లె తోటలో విచ్చుకున్న పూలు మీకు పెద్దగా దొరకవు. పొద్దున్నే మొగ్గలుగానే కోసేస్తారు, అవి సాయంత్రానికి విచ్చుకుంటాయి. విచ్చిన మల్లె కావాలంటే ఇంట్లో చెట్టుకి ఒక రెమ్మ కోయకుండా వదిలేసి, సంధ్య వేళ కాచుకుని కూర్చోవాలి.

గాలి గురించి ఒక్క మాట. అమలాపురం, అంతర్వేది వైపు మధ్యాహ్నం దాటాక సముద్రం మీంచి గాలి మొదలవుతుంది. పువ్వు దగ్గర ఫోటోకి అర అంగుళం ఊపు కూడా ఎక్కువే. ఆ గాలి లేకపోవడం కూడా పొద్దుటి వేళకి ఒక లాభం.

ఎండతో తీసే పద్ధతి

మొదట వెనకాల ఏముందో చూడండి. కొత్తవాళ్లు పువ్వునే చూస్తారు, వెనకున్న తెల్ల గోడనీ నీళ్ల పైపునీ చూడరు. వెనక ముదురు నీడ ఉన్న చోటు వెతికి, పువ్వు ఆ నీడకి ఎదురుగా వచ్చేలా మీరు పక్కకి జరగండి. అరడుగు జరిగితే చాలు, ఫోటో మారిపోతుంది.

కొబ్బరి తోటలో తీస్తుంటే ఒక చిక్కు వస్తుంది. మట్టల సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా పడి, ఒక రేక మీద మాత్రం తెల్ల మచ్చ పెడుతుంది. కంటికి అది అందంగానే ఉంటుంది, కెమెరాకి మాత్రం ఆ మచ్చ తెల్ల కాగితం ముక్క అయిపోతుంది. ఆ ఎండ చుక్కని ఆపేయాలి. నల్ల గొడుగు వేస్తే పూర్తి నీడ వస్తుంది. తెల్ల పంచె అడ్డం పెడితే ఎండ మెత్తబడి వస్తుంది. నేను వాడేది ఉతికి ఉతికి పలచబడిన పాత గ్లాస్కో పంచె. పువ్వుకి అడుగున్నర, రెండడుగుల ఎత్తులో ఇద్దరు పట్టుకుంటే సరిపోతుంది. ఒక్కరే ఉంటే రెండు వెదురు కర్రలకి క్లిప్పులతో బిగించుకోండి. జరీ అంచు, రంగు అంచు పువ్వు మీదకి రాకుండా చూసుకోవాలి, ఆ రంగు తెల్ల రేక మీద దిగుతుంది.

ఎండ ఒక పక్క నుంచి పడుతుంటే రెండో పక్క చీకటిగా ఉంటుంది. ఆ వైపు అడుగు దూరంలో తెల్లటి థర్మోకోల్ ముక్క నిలబెట్టండి. ఊళ్లలో తిరిగేటప్పుడు నా దగ్గర మిఠాయి డబ్బా మూత ఉంటుంది, లోపలి వైపు తెల్లగా. ఎండని అది పువ్వు మీదకి తిప్పి పంపుతుంది. దగ్గరికీ దూరానికీ జరుపుతూ రేక కింది భాగం చూడండి, ఎక్కడ పెడితే చీకటి విడిపోతుందో కంటికే తెలుస్తుంది. వంటింటి అల్యూమినియం ఫాయిల్ మెరుపు ఎక్కువ, దాన్ని ముద్దగా నలిపి మళ్లీ విప్పి అట్టకి అంటిస్తే కాస్త మెత్తబడుతుంది.

కెమెరాలో అంకెలు ఇలా మొదలుపెట్టండి. నీడలో అపెర్చర్ (లెన్సు కన్ను ఎంత తెరుచుకుంటుందో చెప్పే అంకె, అంకె పెరిగితే కన్ను చిన్నదవుతుంది) ఎఫ్ 8, షట్టర్ స్పీడ్ (ఆ కన్ను ఎంతసేపు తెరిచి ఉంటుందో, సెకనులో వంతు) 1/250, ఐఎస్ఓ (వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపుతుందో) 400 నుంచి 800 మధ్య. గాలి ఉంటే 1/500 కి వెళ్లి ఐఎస్ఓ పెంచుకోండి. కాస్త గరుకు వచ్చినా ఫరవాలేదు, అదిరిన పువ్వుని తర్వాత ఎవరూ బాగుచేయలేరు. ఫోకస్ ముందున్న రేక మీద కాదు, కేసరాల మీద పెట్టండి. మందారానికైతే కాడ చివర ఉండే ఆ పసుపు పుప్పొడి ముద్దల మీద. అవి స్పష్టంగా ఉంటే చూసేవాళ్ల కన్ను అక్కడే నిలుస్తుంది.

ఎరుపు దగ్గరా తెలుపు దగ్గరా కెమెరా తప్పటడుగు వేస్తుంది. ఎర్ర మందారం తీసినప్పుడు ఫోటో మొత్తం మీద వెలుతురు సరిపోయినట్టే ఉంటుంది, ఎరుపు మాత్రం పొంగిపోతుంది. రేకలో ఈనెలు మాయమై ఒక ఎర్ర మరక మిగులుతుంది. కెమెరాలో మూడు రంగుల హిస్టోగ్రామ్ (ఫోటోలో ఏ రంగు వెలుతురు ఎంత ఉందో చూపే గీతల బొమ్మ) తెరిచి, ఎరుపు గీత కుడి అంచుకి గుద్దుకుంటోందేమో చూడండి. గుద్దుకుంటే ఎక్స్‌పోజర్ మూడింట రెండు వంతుల స్టాప్ నుంచి ఒక స్టాప్ వరకు తగ్గించండి (ఒక స్టాప్ తగ్గిస్తే వెలుతురు సగమవుతుంది, పెంచితే రెట్టింపవుతుంది). తెల్ల పువ్వు దీనికి తిరగబడి ఉంటుంది. ఫ్రేమ్ నిండా నందివర్ధనం ఉంటే కెమెరా దాన్ని బూడిద రంగు వస్తువు అనుకుని చీకటి చేస్తుంది. అప్పుడు అరకొర కాకుండా ఒక స్టాప్ వరకు పెంచాలి, అంచులు తెల్లబోకుండా చూసుకుంటూ.

ఫ్లాష్ ఎప్పుడు తప్పదు

పువ్వుకి బాగా దగ్గరగా వెళ్లినప్పుడు మొదటి ఇబ్బంది వస్తుంది. మాక్రో లెన్సుతో (చాలా దగ్గరి ఫోటోలకి వాడేది), పువ్వు భాగం సెన్సార్ మీద (కెమెరా లోపల బొమ్మ పడే పలక) నిజం సైజులోనే పడేంత దగ్గరికి పోతే, ఎఫ్ 8 దగ్గర కూడా స్పష్టంగా వచ్చే మందం దాదాపు 1 మిల్లీమీటరే. కేసరం స్పష్టంగా ఉంటే రేక మసక, రేక స్పష్టంగా ఉంటే కేసరం మసక. ఆ మందం పెరగాలని ఎఫ్ 11కో 16కో వెళ్లాలంటే వెలుతురు చాలా కావాలి. తోట నీడలో అంత వెలుతురు ఉండదు. ఇక్కడ ఫ్లాష్ నిజంగా ఆదుకుంటుంది. ఇంకో లాభం కూడా ఉంది: తక్కువ పవర్‌లో ఫ్లాష్ వెలిగేది సెకనులో కొన్ని వేలవ వంతు కాలమే, కాబట్టి పువ్వు ఊగుతున్నా ఆగినట్టు వస్తుంది.

ఫ్లాష్‌తో తీసే ప్రతి ఫోటోలో రెండు వెలుతురులు ఉంటాయి. ఒకటి అక్కడ అప్పటికే ఉన్నది, రెండోది ఫ్లాష్‌ది. షట్టర్ స్పీడ్ మారిస్తే మొదటిదే మారుతుంది, ఫ్లాష్ వెలుగు మారదు, ఎందుకంటే షట్టర్ తెరిచి ఉన్న ఆ కాసేపట్లో ఫ్లాష్ ఎప్పుడో వెలిగి ఆరిపోతుంది. ఫ్లాష్ పవర్ మారిస్తే రెండోదే మారుతుంది. ఐఎస్ఓ, అపెర్చర్ రెండింటినీ కలిపి మారుస్తాయి. ఈ సంగతి ఒకసారి చేత్తో చేసి చూసుకుంటే ఫ్లాష్ అంటే ఉండే టెన్షన్ పోతుంది. చేసే వరస ఇది.

1. ఫ్లాష్‌ని కెమెరా మీంచి దించండి. చవక రకం వైర్‌లెస్ ట్రిగ్గర్ (ఫ్లాష్‌ని దూరం నుంచి వెలిగించేది) అయినా, వైరు అయినా సరే. ఇదొక్కటి చేయకపోతే కింద చెప్పినవన్నీ వృథా.

2. కెమెరాని, అంకెలన్నీ మనమే పెట్టే మాన్యువల్‌లో పెట్టి ఐఎస్ఓ 100, షట్టర్ 1/200, ఎఫ్ 11 పెట్టండి. చాలా కెమెరాల్లో ఫ్లాష్‌తో 1/200 గానీ 1/250 గానీ దాటకూడదు. దాటితే ఫోటోలో ఒక పక్క నల్ల పట్టీ పడుతుంది.

3. ఫ్లాష్ ఆపేసి ఒక ఫోటో తీయండి. నీడలో ఉన్న పువ్వయితే ఈ అంకెలకి దాదాపు నల్లగా వస్తుంది. అలా రావాలి. అంటే ఇక ఫోటోలో కనిపించే వెలుతురంతా మీరు పెట్టబోయేదే.

4. ఫ్లాష్‌కీ పువ్వుకీ మధ్య ట్రేసింగ్ పేపర్ గానీ తెల్ల గుడ్డ గానీ పట్టండి. పువ్వుకి జానెడు, జానెడున్నర దూరంలో, పక్క నుంచి కాస్త వెనకగా. పేపర్ ఎంత పెద్దదిగా, పువ్వుకి ఎంత దగ్గరగా ఉంటే వెలుతురు అంత మెత్తగా ఉంటుంది. ఫ్లాష్ పేపర్‌కి మరీ ఆనకూడదు, ఆనితే మధ్యలో ఒక్క చుక్కే వెలుగుతుంది. పేపర్ మొత్తం వెలగాలి.

5. ఫ్లాష్ పవర్ 1/16 (పూర్తి శక్తిలో పదహారో వంతు) దగ్గర మొదలుపెట్టి ఒకటి తీయండి. చీకటిగా ఉంటే 1/8, ఎక్కువైతే 1/32. అంతే.

6. ఎదురు వైపు మిఠాయి డబ్బా మూత పెట్టండి. ఎండకి పెట్టినట్టే.

మరి వెనకభాగం నల్లగా ఎందుకు వస్తుంది? ఫ్లాష్ వెలుతురు దూరం పోయేకొద్దీ బాగా పలచబడుతుంది. దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతు. ఫ్లాష్ నుంచి పువ్వు 30 సెంటీమీటర్ల దూరంలో ఉండి, వెనక అరటిచెట్లు 3 మీటర్ల దూరంలో ఉంటే, వాటి మీద పడేది నూరో వంతు. అందుకే పట్టపగలు కూడా పువ్వు వెనక అర్ధరాత్రిలా వస్తుంది. శంఖపుష్పం లాంటి ముదురు నీలం పువ్వుకి నాకు ఈ నలుపు నచ్చదు, రెండూ కలిసిపోతాయి. తెల్ల లిల్లీకీ పసుపు బంతికీ మాత్రం చాలా బాగుంటుంది.

నలుపు వద్దు, తోట కనిపించాలి, పువ్వు మీద మాత్రం కాస్త వెలుతురు కావాలి అనుకుంటే వరస తిరగేయండి. ముందు ఫ్లాష్ లేకుండా తోట సరిగ్గా వచ్చేలా షట్టర్ తగ్గించుకోండి, 1/60 అనుకుందాం. తర్వాత ఫ్లాష్‌ని బాగా తక్కువ పవర్‌లో వేయండి. ఫోటో చూసినవాళ్లకి ఫ్లాష్ వేశారని తెలియకూడదు. సాయంత్రపు నారింజ ఎండలో ఇలా తీస్తే ఒక తేడా బయటపడుతుంది. ఫ్లాష్ వెలుతురు మధ్యాహ్నపు ఎండ రంగులో, దాదాపు 5500 కెల్విన్ (వెలుతురు రంగుకి కొలత) దగ్గర ఉంటుంది. సాయంత్రపు ఎండ అంతకన్నా చాలా పసుపు. పువ్వు తెల్లగా, తోట పసుపుగా వచ్చి, అతికించినట్టు ఉంటుంది. ఫ్లాష్ ముందు లేత నారింజ సెల్లోఫేన్ కాగితం ఒక పొర అంటించండి, రెండూ కలిసిపోతాయి.

చెరువులో తామరకి ఫ్లాష్ మోసుకెళ్లకండి. నాలుగైదు మీటర్ల అవతలున్న పువ్వుకి చిన్న ఫ్లాష్ నుంచి వచ్చే వెలుతురు మెత్తగా ఉండదు, తడి ఆకుల మీద మెరుపులు తప్ప ఏమీ మిగలదు. అక్కడ కావాల్సింది పోలరైజర్, లెన్సు ముందు బిగించే ఒక ఫిల్టర్. దాన్ని నెమ్మదిగా తిప్పుతుంటే నీటి మీదా ఆకుల మీదా తెల్ల మెరుపు తగ్గి, ఆకు పచ్చదనం బయటికి వస్తుంది. ఒకటిన్నర, రెండు స్టాపుల వెలుతురు అది తినేస్తుందని గుర్తుపెట్టుకోండి.

ఫోన్ ఒక్కటే ఉంటే

ఫోన్‌లో ఉన్న ఫ్లాష్ ఆపేయండి. అది లెన్సు పక్కనుంచి కదలదు. దాని బదులు ఇంకొకరి ఫోన్ తీసుకుని టార్చ్ వేసి, దాని మీద ఒక తెల్ల జేబురుమాలు కప్పి, పువ్వుకి పక్కగా పట్టుకోమనండి. సంధ్య వేళ విచ్చే మల్లెకి ఇది చాలా బాగా పనిచేస్తుంది. పువ్వు మీద వేలితో నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఫోకస్, వెలుతురు రెండూ లాక్ అవుతాయి. తర్వాత పక్కన కనిపించే సూర్యుడి గుర్తుని ఎరుపు పూలకి కిందికి, తెల్ల పూలకి కాస్త పైకి లాగండి. మరీ దగ్గరికి వెళ్తే ఫోకస్ దొరక్క పువ్వు మసకబారుతుంది. కొంచెం వెనక్కి వచ్చి 2 రెట్ల జూమ్‌లో తీయడం మేలు.

షేడ్ నెట్ కింద రంగు

అమ్మకానికి ఫోటోలు తీసేవాళ్లు ఈ భాగం నిదానంగా చదవండి. కడియం, కడియపులంక నర్సరీల్లో చాలా మొక్కలు పచ్చ షేడ్ నెట్ల కింద ఉంటాయి. కంటికి అది చల్లని నీడ. కెమెరాకి అది పచ్చ గాజులోంచి చూడడం. తెల్ల పువ్వు పచ్చబడుతుంది, లేత గులాబీ పువ్వు బూడిదలా చచ్చుబడుతుంది.

ఒకసారి నేను ఒక నర్సరీలో లేత గులాబీ ఎడీనియం మొక్కలు ఇలా వల కిందే తీశాను. ఫోటోలో రంగు నీరసంగా ఉందని ఫోన్‌లో గులాబీ పెంచాను. చూడ్డానికి బాగుంది, యజమానికి పంపాను, ఆయన కొనేవాళ్లకి వాట్సాప్‌లో పంపారు. లారీ వేసుకుని వచ్చినాయన మొక్కల ముందు నిలబడి, ఫోన్‌లో ఫోటో ఒకసారి, పూలు ఒకసారి చూసి, "ఇవి కావండీ నేనడిగినవి" అన్నారు. మొక్కలు అవే. చివరికి యజమాని ధర తగ్గించి ఇవ్వాల్సి వచ్చింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, అందుకే ఆ రోజు ఇంకా గుర్తుంది. అప్పట్నుంచి అమ్మకం ఫోటోలో రంగుని నేను చేత్తో పెంచలేదు.

మీరు చేయాల్సింది ఇది. వల కింద, పువ్వు ఉన్న చోటే, ఒక తెల్ల కాగితం పట్టుకుని దాన్ని ఫ్రేమ్ నిండా ఫోటో తీయండి. కెమెరాలో, తెలుపు అంటే ఏదో మనం చూపించే కస్టమ్ వైట్ బ్యాలెన్స్‌కి ఆ ఫోటోనే చూపించండి. ఇక ఆ వల కింద తీసినవన్నీ దాదాపు అసలు రంగులో వస్తాయి. కుండీ కదిలేదైతే ఇంకా సులువు, వల బయట షెడ్డు గోడ నీడలోకి తెచ్చుకుని తీయండి. వల కింద ఫ్లాష్ వేసేవాళ్లు ఒకటి గమనించాలి: పువ్వు మీద ఫ్లాష్ తెలుపు, వెనక వల పచ్చ, రెండూ ఒకే ఫోటోలో పడతాయి. పైన చెప్పిన మూడో మెట్టు ఇక్కడ తప్పనిసరి. ఫ్లాష్ లేనప్పుడు ఫోటో నల్లగా వస్తేనే వల పచ్చదనం పువ్వులోకి రాదు.

నర్సరీలోకైనా పూల తోటలోకైనా వెళ్లే ముందు అడిగి వెళ్లండి. కనకాంబరం మళ్లలో గట్టు దిగి అడుగు పెడితే మొక్క విరుగుతుంది. మంచి కోణం కోసం పక్క రెమ్మని తుంచకండి, దారంతో పక్కకి కట్టి, ఫోటో అయ్యాక విప్పేయండి.

ఏసీ గదిలోంచి కెమెరాని నేరుగా తోటలోకి తెస్తే మన ఉక్కపోతకి లెన్సు మీద ఆవిరి పట్టేస్తుంది. తుడిచినా మళ్లీ పడుతుంది. కెమెరా సంచి జిప్పు తీయకుండా అరగంట బయట ఉంచి, ఆ తర్వాత తెరవండి.

బ్రహ్మకమలం రాత్రి

మన ఇళ్లలో బ్రహ్మకమలం అని పెంచుకునేది ఒక కాక్టస్ జాతి మొక్క. హిమాలయాల్లో పూసే అసలు బ్రహ్మకమలం వేరు. అయినా డాబా మీద కుండీలో మొగ్గ వేసిందంటే వీధి వీధంతా కబురు వెళ్తుంది. వేలాడే మొగ్గ బాగా ఉబ్బి, మెడ పైకి వంచిందంటే ఆ రాత్రికో మర్నాటి రాత్రికో పూస్తుంది. చీకటి పడ్డాక రేకలు కదలడం మొదలవుతుంది, అర్ధరాత్రికి పూర్తిగా విచ్చుకుంటుంది, తెల్లారేసరికి వాలిపోతుంది. ఫ్లాష్‌తో తీసేవాళ్లందరూ ఎదురుగా నిలబడి ఒకటి కొట్టి వెళ్లిపోతారు. ఆ పువ్వుకి అది అన్యాయం. దాని రేకలు కూడా పలచన.

పది గంటలకే ట్రైపాడ్ వేసి, ఫోకస్ పువ్వు లోపలున్న తెల్లటి నక్షత్రం లాంటి కీలాగ్రం మీద పెట్టి, ఆటో ఫోకస్ ఆపేయండి. ఇంటి బల్బులు ఆర్పించండి, లేకపోతే పసుపు వెలుతురు కలుస్తుంది. ఫ్యాను కూడా. ఐఎస్ఓ 200, ఎఫ్ 11, షట్టర్ 8 సెకన్లు. షట్టర్ తెరుచుకోగానే తెల్ల రుమాలు కప్పిన టార్చ్‌ని పువ్వు వెనక, లెన్సుకి కనపడకుండా, ఒక పక్క నుంచి రెండో పక్కకి నెమ్మదిగా తిప్పండి. చివరి రెండు సెకన్లు ముందు పక్కకి వచ్చి ఒక్కసారి తుడిచినట్టు వేయండి. మొదటి నాలుగైదు ఫోటోలు కుదరవు. ఎక్కడ ఎక్కువసేపు ఆగారో ఫోటోలో తెలుస్తుంది, దాన్ని బట్టి చెయ్యి సర్దుకోండి. టార్చ్ ఇష్టం లేకపోతే పైన చెప్పినట్టు ట్రేసింగ్ పేపర్ వెనక నుంచి ఫ్లాష్ వేయవచ్చు, పక్క వెనక నుంచి.

పన్నెండు దగ్గర పడ్డాక ఇంట్లోవాళ్లు పసుపు కుంకుమ పెట్టి హారతి ఇస్తారు. అప్పుడు టార్చ్ ఆర్పేయండి, ఫ్లాష్ కట్టేయండి. ఐఎస్ఓ 3200, అపెర్చర్ ఎఫ్ 2.8 గానీ మీ లెన్సు తెరవగలిగినంత గానీ, షట్టర్ 1/60. కర్పూరం మంట పక్క నుంచి రేకల మీద పడి, తెల్ల పువ్వు పసుపు వన్నెలోకి మారుతుంది. ఆ రంగుని తెలుపుకి దిద్దకండి. పళ్లెం తిప్పేవాళ్లని పువ్వు వెనక్కి వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగమని ముందే చెప్పుకుంటే మంచిది.

అందరూ పడుకున్నాక ట్రైపాడ్ తీయకుండా అలాగే వదిలేసి, అయిదున్నరకి అలారం పెట్టుకోండి. పువ్వు మెడ వాల్చి ఉంటుంది. తూర్పు వైపు నుంచి వచ్చే ఆ నీలపు వెలుతురులో, ఏ దీపమూ లేకుండా, అదే ఫ్రేమ్‌లో ఇంకొకటి తీయండి.